కుర్చీ ఇస్తున్నారు సరే, తాళాలు ఎవరి దగ్గర?

హబ్సిగూడ నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆవిడ ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆవిడకి 46 ఏళ్ళు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, నగరంలోనే ఒక ప్రైవేటు ఆరోగ్య పరిశోధన సంస్థలో 17 ఏళ్ళుగా సైంటిస్టుగా ఉన్నారు. తల్లీపిల్లల పోషణ మీద పని. ఫీల్డ్ వికారాబాద్ వైపు పల్లెల్లో. రెండు వారాల కింద డైరెక్టర్ పిలిచి కొత్త పదవి ఇస్తామన్నారట: వర్క్‌ఫోర్స్ డెవలప్‌మెంట్ హెడ్. సంస్థలో ఉన్న దాదాపు నాలుగు వందల మంది రీసెర్చ్ నర్సులు, కోఆర్డినేటర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, డేటా వాళ్ళు, ఫీల్డ్ స్టాఫ్‌కి శిక్షణ, ఎదుగుదల, నియామకాల ప్లానింగ్ అంతా ఆవిడ చూడాలి. జీతం ముప్పై శాతం ఎక్కువ. మూడేళ్ళ టెన్యూర్. అంతకుముందు ఆ పని చూసినావిడ తొమ్మిది నెలలకే మానేసింది.

పీహెచ్‌డీ గైడ్‌గారికి ఈ మాట చెబితే "ఇన్నేళ్ళు సైన్స్ చేసి, ఇప్పుడు సర్టిఫికెట్లు పంచుతావా?" అన్నారు. భర్త "తీసుకో, ఊళ్ళు తిరగడం తగ్గుతుంది" అంటున్నారు. అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యి మంచం మీద ఉన్నారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఇదిలా ఉండగా ఆవిడ సొంత ప్రాజెక్టు గ్రాంట్ మార్చితో అయిపోతోంది. తొమ్మిది మంది స్టాఫ్‌కి ఎక్స్‌టెన్షన్ వస్తుందో రాదో తెలియదు. అందులో ఒకావిడని అందరూ అక్క అంటారు. 14 ఏళ్ళుగా పదకొండు నెలల కాంట్రాక్టు, ఒకరోజు బ్రేక్, మళ్ళీ పదకొండు నెలలు. కొత్త పదవి సంగతి ఆవిడ చెవిన పడి ఇలా అడిగిందట: "మేడం, మీరు ఆ సీట్ల కూసుంటే మా ఆర్డర్లు జర జల్ది వస్తయా?" అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు, ఏం చేయమంటారు అని ప్రశ్న.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. గైడ్‌గారి మాటకి ఒక పేరా ఇచ్చారు. జీతానికి ఒక వాక్యం. అక్క గురించి రెండు పేజీలు. మనసు ఎటు లాగుతోందో మీ చేతిరాతే చెబుతోంది. కానీ మనసు లాగిన వైపు దారి ఉందో లేదో వేరే చూసుకోవాలి. ఆ పని మీరింకా చేయలేదు.

ముందు గైడ్‌గారి సంగతి, ఎందుకంటే అది తొందరగా తేలుతుంది. మీ ఉత్తరంలో మీరే రాసిన ఒక సంఘటన ఉంది. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అమ్మాయి ఒక ఇంట్లో "నిన్న ఏం తిన్నారు?" అని అడిగింది. ఆ ఇంటావిడ "ఏముంటది, అన్నం, పప్పు" అంది. అమ్మాయి అదే రాసుకుంది. పక్కనే ఉన్న అక్క ఫారం పక్కన పెట్టి, "నిన్న పొద్దుగాల లేచి మొదలు ఏం పని చేసినవ్?" అని అడిగింది. పశువుల దగ్గరికి పోయాను అంది. "పోయేముందు చాయ్ తాగినవా? చాయ్‌ల ఏమన్న అద్దుకున్నవా?" అలా ఒక్కో పని వెంటా నడిచి చూస్తే రెండు బిస్కెట్లు, చేనులో తిన్న పల్లీలు, పిల్లాడు వదిలేసిన సగం గుడ్డు బయటపడ్డాయి. పప్పు ఎంత అంటే "గిన్నెడు" అంది. అక్క ఆ గిన్నెనే తెప్పించి, నీళ్ళు పోయించి, కొలత గిన్నెలోకి వంచి చూసింది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో సర్వేలు చాలావరకు నడిచింది ఈ పద్ధతి మీదే. 24 గంటల ఆహారం అడగడం, ఇంటి పాత్రని కొలతలోకి మార్చడం. అడిగే మనిషికి అడగడం రాకపోతే ఆ తర్వాత వేసే గ్రాఫులన్నీ అబద్ధాలే. గైడ్‌గారికి ఇది తెలియక కాదు. వాళ్ళ తరంలో ఈ పని ఎవరో ఒకరు చేసి పెట్టేవారు, పేపర్ మీద పేరు మాత్రం సార్లది పడేది. అసలు మన ఊళ్ళో ఈ కథ ఇంకా పాతది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని, 1902లో నోబెల్ వచ్చిందని అందరికీ తెలుసు. బేగంపేటలో ఆ భవనం కూడా ఉంది. ఆ ప్రయోగం కోసం తనని కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా లెక్కన తీసుకున్న హుసేన్ ఖాన్ అనే రోగి పేరు ఎంతమందికి తెలుసు? దోమతో కుట్టించుకోవడం కూడా పనే కదా, అదీ పీస్ రేటు మీద!

ఆయన మాటలో నిజమున్న చోటు ఒకటుంది, అది దాచను. మూడేళ్ళు మీరు పేపర్లు రాయకపోతే, తర్వాత గ్రాంట్‌కి అప్లై చేసినప్పుడు కమిటీ మీ పాత కీర్తిని చూడదు, ఈమధ్య ఏం ప్రచురించారో చూస్తుంది. వెనక్కి వచ్చే దారి మూసుకుపోదు గానీ బాగా సన్నబడుతుంది. ఆ పదవిలో చేరేవాళ్ళు ఈ ఖర్చు తెలిసే చేరాలి.

ఇక అసలు ముడి. మీరు ఉత్తరమంతా "నేను తీసుకోవచ్చా, నేను తగుదునా, నేను వదిలేస్తున్నానా" అని మీ గురించే రాశారు. పదవి గురించి రాసింది తక్కువ. ఆ తక్కువలోనే నాకు కంగారు పుట్టించే సంగతులు రెండు కనిపించాయి. బడ్జెట్ గురించి అడిగితే డైరెక్టర్‌గారు "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అన్నారన్నది ఒకటి. కాంట్రాక్టు రెన్యువల్స్ "ఎప్పటిలాగే హెచ్‌ఆర్, ప్రాజెక్టు పీఐలు (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకులు) చూసుకుంటారు" అన్నది రెండోది. అంటే నాలుగు వందల మంది ఎదుగుదల మీ బాధ్యత. వాళ్ళ ఆర్డర్ మీద సంతకం మాత్రం మీది కాదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కింద ఒక పెద్ద ఆసుపత్రిలో పరిశోధన విభాగానికి నన్ను ట్రైనింగ్ ఇన్‌ఛార్జ్‌ని చేశారు. ఎంత సంబరపడ్డానో. ఆరేళ్ళలో నేను చేసిన పని ఏమిటంటే ఫ్లెక్సీలు కొట్టించడం, సమోసాలకి ఆర్డరివ్వడం, సర్టిఫికెట్లు లామినేషన్ చేయించడం. నర్సులకి జీసీపీ (మనుషుల మీద చేసే ట్రయల్స్‌లో పాటించాల్సిన పద్ధతులు) శిక్షణ చాలా శ్రద్ధగా ఇచ్చేదాన్ని. శిక్షణ పూర్తయిన రెండు నెలలకి వాళ్ళలో సగంమంది జీతం ఎక్కువిచ్చే కంపెనీలకి వెళ్ళిపోయేవారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఒక అమ్మాయి వెళ్తూ వెళ్తూ "మేడం, ఈ సర్టిఫికెట్ వల్ల ఇక్కడ నాకు రూపాయి పెరిగిందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర సమోసాల బిల్లు మాత్రమే ఉంది.

అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు మీరు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. మీ విభాగానికి సొంత డబ్బు ఉందా, లేక ఒక్కో ప్రాజెక్టులో ట్రైనింగ్ పద్దు నుంచి అడుక్కోవాలా? అడుక్కోవడమే అయితే తెలుసుగా, గ్రాంట్‌లో కోత పడినప్పుడు మొదట కత్తెర పడేది ఆ పద్దుకే. కొత్త ప్రపోజల్స్ ఫండింగ్ సంస్థకి వెళ్ళేముందు మీ టేబుల్ మీదికి వస్తాయా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అన్నిటికంటే పెద్దది. ఫీల్డ్ స్టాఫ్ గ్రేడు, ఇంక్రిమెంటు, ఎంతమంది కావాలి అన్నవన్నీ ప్రపోజల్ రాసే రోజే ఖాయమవుతాయి. గ్రాంట్ వచ్చాక మీరు వెళ్ళి "అక్కకి గ్రేడ్ పెంచండి" అంటే "పద్దు లేదు మేడం" అంటారు, అది అబద్ధం కూడా కాదు. ఒక గ్రాంట్ అయిపోయి ఇంకోటి వచ్చేలోపు మూణ్ణాలుగు నెలలు మనుషుల్ని నిలబెట్టుకోవడానికి సంస్థ విడిగా కొంత డబ్బు పెడుతుందా? హెచ్‌ఆర్ మీ మాట వింటుందా, మీరు హెచ్‌ఆర్ మాట వినాలా?

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని డైరెక్టర్‌గారు అనుకుంటే, మీ చేతిలో ఒక బలమైన కారణం ఉంది, వాడండి. 2019లో వచ్చిన కొత్త డ్రగ్స్, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ట్రయల్‌లో ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే ఇన్వెస్టిగేటర్ 24 గంటల్లో రిపోర్ట్ చేయాలి. ఆ హానిని మొదట గుర్తుపట్టేది ఎవరు? ఫోన్ ఎత్తిన కోఆర్డినేటర్, ఇంటికెళ్ళిన నర్సు. 2025 జనవరిలో జీసీపీ అంతర్జాతీయ మార్గదర్శకాల కొత్త రూపం, ఆర్3, ఖరారైంది. పాత సర్టిఫికెట్లు గోడకి తగిలించుకుని కూర్చుంటే కుదరదు, మళ్ళీ నేర్పాలి. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు డెలిగేషన్ లాగ్, ట్రైనింగ్ లాగ్ పక్కపక్కన పెట్టి ఎవరికి ఏ పని ఇచ్చారు, అది వాళ్ళకి ఎప్పుడు నేర్పారు అని చూస్తారు. పదకొండు నెలలకోసారి మనుషులు మారే సంస్థలో ఈ రెండు లాగ్‌లూ ఎప్పటికీ కలవవు. ఈ మాట డైరెక్టర్‌గారికి జాలి భాషలో చెబితే తల ఊపుతారు, ఆడిట్ భాషలో చెబితే కుర్చీలో ముందుకి జరుగుతారు.

జాబ్ డిస్క్రిప్షన్ విదేశాల నుంచి దించినట్టుందని, అందులో 'టాలెంట్ పైప్‌లైన్' అన్న మాట నాలుగుచోట్ల ఉందని రాశారు. నవ్వొచ్చింది. బ్రిటన్‌లో 2006 నుంచి ఎన్‌ఐహెచ్‌ఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిశోధన ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థలో కలిసి నడుస్తుంది. డాక్టర్లు, నర్సులు కాని పరిశోధన సిబ్బందికి కూడా ఒక గుర్తింపు రిజిస్టర్ పెట్టుకున్నారు. అలాంటి చోట ఈ పదవికి కాళ్ళూ చేతులూ ఉంటాయి. మన పైప్‌లైన్ మన హైదరాబాద్ నల్లా లాంటిది, నీళ్ళు ఎప్పుడు వస్తాయో లైన్‌మన్‌కే తెలియాలి. వాళ్ళ కాగితం తెచ్చుకోవడంలో తప్పు లేదు, దానితోపాటు వాళ్ళ పద్దు కూడా తెచ్చుకోమని అడగండి.

ఇంకో మాట. "మూడేళ్ళ టెన్యూర్" అని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. అమ్మా, అక్కడ ఆగండి. ఇప్పుడు మీది రెగ్యులర్ ఉద్యోగం. అది వదిలి మూడేళ్ళ పదవిలో చేరితే నాలుగో ఏడు మీరెక్కడ ఉంటారు? అక్కకి పదకొండు నెలలు, మీకు ముప్పై ఆరు. తేడా అంతే. మీ సైంటిస్టు పోస్టు మీద లియెన్ (తిరిగి అదే పోస్టుకి వచ్చే హక్కు) ఇస్తారా, సర్వీస్ కంటిన్యూ అవుతుందా, లేక రాజీనామా చేసి కొత్తగా చేరమంటారా, లెటర్‌లో స్పష్టంగా రాయించుకోండి. గ్రాట్యుటీ ఒక్కటే చూసినా, నెలకి బేసిక్, డీఏ కలిపి 60 వేలు అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, 17 ఏళ్ళతో గుణిస్తే సుమారు 5 లక్షల 88 వేలు అవుతుంది. రాజీనామా చేయించి ఇది ఇప్పుడే చేతిలో పెట్టేస్తే, పదేళ్ళ తర్వాత పెరిగిన బేసిక్ మీద రావాల్సిన మొత్తంతో పోల్చుకుంటే అది చాలా తక్కువ. ముప్పై శాతం జీతం పెరుగుదలని దీని పక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

షరతులు రాతపూర్వకంగా ఒప్పించుకుని పూర్తిగా తీసుకోవడం ఒకటి. అన్నీ ఇవ్వరు. ఏది కాదంటారో గమనించండి. డబ్బు తక్కువిస్తాం గానీ ప్రపోజల్స్ మీ దగ్గరికి వస్తాయి అంటే నేనైతే ఒప్పుకుంటాను, మెల్లగా కట్టుకోవచ్చు. డబ్బు ఇస్తాం గానీ రెన్యువల్స్, ప్రపోజల్స్ జోలికి రావద్దు అంటే మంచి హాలు, మంచి సమోసాలు దొరుకుతాయి. ఈ దారిలో పీఐలతో గొడవ ఖాయమని ముందే తెలుసుకోండి. నిన్నటిదాకా మీరూ ఒక పీఐ. మీ స్టాఫ్ సంగతి ఇంకొకరు వచ్చి అడిగితే మీరు ఎలా చిరాకు పడేవారో గుర్తు చేసుకోండి, రేపు మీ ఎదుట ఉండేది ఆ మొహమే.

ఒక ఏడాదికి ఒప్పుకుని, వారంలో ఒకటిన్నర రోజు పరిశోధనకి ఉంచుకోవడం ఇంకో దారి. చదవడానికి ఇదే తెలివైనదిగా కనిపిస్తుంది. నాకు తెలిసి ఇలా ఒప్పుకున్నవాళ్ళలో చాలామందికి ఆ ఒకటిన్నర రోజు మూడో నెలకే మీటింగుల్లో కలిసిపోయింది. దీన్ని ఎంచుకుంటే పెద్ద అధ్యయనాలు నడుపుతాను అనుకోకండి. చేతిలో ఉన్న డేటా నుంచి రెండు పేపర్లు పూర్తి చేయడం, వేరేవాళ్ళ ప్రాజెక్టులో కో-ఇన్వెస్టిగేటర్‌గా ఉండడం, అంతవరకే పెట్టుకోండి. స్టాఫ్ శిక్షణే మీ పరిశోధన అంశం చేసుకోవచ్చు కూడా. అక్క అడిగే తీరుకీ, ఎమ్మెస్సీ అమ్మాయి అడిగే తీరుకీ కేలరీల లెక్కలో ఎంత తేడా వస్తుందో ఎవరైనా కొలిచి చూస్తే నేను చదువుతాను. గైడ్‌గారు కూడా చదువుతారు.

వద్దనడం. ఇందులో నామోషీ ఏమీ లేదు. మీరు మంచి సైంటిస్టు, మార్చి తర్వాత ఇంకో గ్రాంట్ రాసుకుంటారు. కాకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. ఫీల్డ్ మొహం చూడని ఎవరో వచ్చి, ఏడాదికి ఎన్ని గంటల ట్రైనింగ్ జరిగిందో ఎక్సెల్ షీట్‌లో చూపిస్తారు. దానికి మీరు బాధ్యులు కారు, కానీ మీరు బాధపడతారు, అది మీ ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది.

ఇంటి విషయం ఎక్కువ సాగదీయను. వికారాబాద్ బస్సులు తగ్గుతాయన్న మీవారి లెక్క సగం నిజం. ఊళ్ళు తగ్గుతాయి, ఫోన్లు పెరుగుతాయి. నాలుగు వందల మందికి మీ నంబర్ తెలిసిపోతుంది. అత్తగారి దగ్గర పగలు ఎవరుంటారన్నది మీ ఉద్యోగంతో ముడిపెట్టకుండా మీరిద్దరూ కూర్చుని విడిగా తేల్చుకోవాల్సిన సంగతి. "తీసుకో" అన్న మనిషి ఏ రోజుల్లో సెలవు పెడతారో కూడా చెప్పాలి. అమ్మాయి పరీక్షలు అయ్యాకే చేరతానని అడగండి. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న సీటు ఇంకో రెండు నెలలు ఆగుతుంది.

ఇక అక్క. ఆవిడ అడిగిన ప్రశ్న మిమ్మల్ని తొలిచేస్తోందంటే అర్థం చేసుకోగలను. కానీ అపరాధ భావంతో ఉద్యోగంలో చేరకండి. ఆవిడకి చేయాల్సిన పనుల్లో చాలావాటికి ఆ కుర్చీ అక్కర్లేదు, ఇప్పుడున్న మీ సంతకం చాలు. 14 ఏళ్ళలో ఆవిడ ఏయే సర్వేలు చేసింది, ఎంతమందికి పని నేర్పింది, ఏ కొలతలు తీయగలదు అన్నది వివరంగా రాసి అనుభవ పత్రం ఇవ్వండి. "సంతృప్తికరంగా పనిచేశారు" అనే ఆ మూడు లైన్ల కాగితం కాదు. మార్చి దాకా ఆగకుండా మిగతా పీఐల దగ్గరికి మీరే తీసుకెళ్ళి పరిచయం చేయండి. ఆవిడ పీఎఫ్ చూడండి. మధ్యలో ఎప్పుడైనా ఫారం 10సీ పెట్టి పెన్షన్ వాటా తీసేసుకుని ఉంటే, ఆ సర్వీసు లెక్కలోంచి పోతుంది. తీసుకోకుండా ఉంటే, మొత్తం పదేళ్ళ సర్వీసు దాటినందుకు 58 ఏళ్ళ నుంచి పెన్షన్‌కి అర్హత ఉంటుంది. ఎంత చిన్నదైనా పెన్షన్ పెన్షనే. ఈ సంగతి ఆవిడకి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం.

ఆవిడ పదో తరగతి వరకే చదివింది కాబట్టి గ్రేడ్ మారదని హెచ్‌ఆర్ అన్నారని రాశారు. మీరు ఆ పదవి తీసుకుంటే మొదటి తగాదా ఇక్కడే పెట్టుకోండి. ఫీల్డ్‌లో కొత్తవాళ్ళకి నేర్పే మనిషికి డిగ్రీ అడగాలా, పని అడగాలా అని. ఆ ఒక్క రూల్ మారితే మీ నాలుగు వందల మందిలో ఎంతమంది పైకి జరుగుతారో ముందే లెక్క వేసుకుని వెళ్ళండి.

డైరెక్టర్‌గారిని కలిసే ముందు, తొమ్మిది నెలలకే మానేసినావిడకి ఫోన్ చేయండి. నంబర్ మీ దగ్గర ఉందని, చేయడానికి మొహమాటంగా ఉందని రాశారు. "ఎందుకు మానేశారు?" అని అడగకండి, ఇంట్లో ఇబ్బంది అంటారు. "ఏ కాగితం మీద సంతకం కోసం ఎక్కువ రోజులు తిరిగారు?" అని అడగండి. అరగంట మాట్లాడతారు.

అక్కకి మాత్రం అంతకంటే ముందే, ఈ వారమే జవాబు చెప్పండి. ఆశ పెట్టొద్దు, దాటేయొద్దు. "ఆర్డర్లు నా చేతిలో ఉంటాయో లేదో ఇంకా తెలియదక్కా, అదే అడగబోతున్నా" అనండి. అలాగే ఆ పీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తెమ్మనండి.